మామిడికాయ సీసాలో గొర్రెల మందు

2022 వానాకాలం. పంజాగుట్టలో మెట్రో లైను పక్కనున్న ఒక పాత కాంప్లెక్సులో మూడో అంతస్తు మాది. కింద చీరల షోరూము, మా పైన వీసా కన్సల్టెన్సీ. పెళ్లి బట్టల సంచులు, పాస్‌పోర్టు ఫైళ్లు, మా ఐస్ పెట్టెలు అన్నీ ఒకే లిఫ్టులో ఎక్కేవి. పెట్టెలో ఏముందని ఎవరైనా అడిగితే మా అటెండర్ దాచకుండా గొర్రె కాలేయం అని చెప్పేవాడు. ఆ తర్వాత లిఫ్టులో మాకు చోటు బాగానే దొరికేది.

నేను రెసిడ్యూ ల్యాబ్‌లో కెమిస్టుని. రెసిడ్యూ అంటే మాంసంలో, పాలలో, గుడ్లలో మిగిలిపోయిన మందు. జంతువుకు జబ్బు చేస్తే మందు వేయడంలో తప్పేం లేదు. ఆ మందు ఒంట్లోంచి పోయేదాకా దాన్ని కోయకుండా ఆగాలి. ఆగారా లేదా అన్నది మేం చూస్తాం. తెనాలి నుంచి వచ్చి శ్రీనగర్ కాలనీలో కాపురం పెట్టిన దగ్గర్నుంచీ నాకు తెలిసిన పని ఇదొక్కటే. మా అత్తగారు చుట్టాలకు నన్ను పరిచయం చేసేటప్పుడు, "మా కోడలు మటన్‌లో తప్పులు పడుతుంది" అనేవారు. అంతకంటే బాగా నేను కూడా చెప్పలేను.

ఒక దేశం మాంసాన్ని ఇంకో దేశం కొనాలంటే రుచీ ధరా కుదిరితే సరిపోదు. తన ప్రజల ఆరోగ్యం కోసం నిబంధన పెట్టుకునే హక్కు ప్రతి దేశానికీ ఉంది. కాకపోతే దానికి శాస్త్రీయమైన ఆధారం చూపించాలి. నచ్చని సరుకును ఆరోగ్యం పేరు చెప్పి ఆపకూడదు. అంతర్జాతీయ ఒప్పందాల సారాంశం ఇంతే. వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. అమలుకు వచ్చేసరికి అదంతా ఒక అంకెగా మారి నా బల్ల మీదికి వస్తుంది. కొన్ని మందులు ఇంతవరకు ఉండవచ్చు అంటారు. కొన్నింటికి సున్నా. ఆ సున్నా అంటే యంత్రానికి కనబడనంత అని అర్థం. కొత్త యంత్రం వచ్చినప్పుడల్లా సున్నా ఇంకాస్త కిందికి దిగుతుంది. నిన్నటిదాకా శుభ్రంగా ఉన్న మాంసం ఇవాళ అపరిశుభ్రం కావచ్చు, గొర్రె పాపం ఏమీ చేయకుండానే.

సుగుణమ్మ గారిని నా దగ్గరికి తెచ్చింది ఆ సున్నాయే. ఆవిడది అమీర్‌పేట హాస్టళ్ల గల్లీలో పచ్చళ్ల దుకాణం. భర్త పోయాక ఇంట్లో ఒక్క పొయ్యి మీద మటన్ పచ్చడి పెట్టి, కోచింగ్ పిల్లలకు అమ్ముతూ మొదలుపెట్టిన మనిషి. ఆ పిల్లలు ఉద్యోగాలకు వెళ్లిన దేశాల్లో కూడా ఆ పచ్చడే అడిగారు. అలా అలా బాలానగర్‌లో అన్ని అనుమతులున్న యూనిట్, గాజు సీసాలు, బిగుతైన రేకు మూతలు, ఎగుమతి దాకా వచ్చింది. ఇప్పుడు ఆ ఎగుమతే ఆగిపోయింది. ఆవిడ సరుకు ఒక దేశపు ఓడరేవులో నిలిచిపోయింది. అక్కడి ల్యాబ్‌వాళ్లు పచ్చడిలో సెమికార్బజైడ్ అనే పదార్థం పట్టుకున్నారు. నైట్రోఫ్యూరాన్ జాతి మందు ఒకటి జంతువు ఒంట్లో అరిగిపోయి దీన్ని మిగులుస్తుంది. తినే జంతువులకు ఆ మందు వాడకూడదని చాలా దేశాలు నిషేధించాయి, మనమూ నిషేధించాం. కాబట్టి అది కనబడితే మందు వాడారనే లెక్క.

ఆవిడ వచ్చీ రావడమే టిఫిన్ బాక్సు నా బల్ల మీద పెట్టింది.

"మేడమ్, గా పేరు నాకు నోరు తిరగదు. ఒక్కటి చెప్పు. మా కొమురన్న దొంగ మందు పెట్టిండు అంటున్నరా ఆళ్లు?"

"పేరు పెట్టి ఎవరినీ అనలేదు సుగుణమ్మ గారూ. మాంసంలో మందు ఆనవాలు ఉందన్నారు."

"మాంసం గాయనదే గదా! మరి గాయన్ని అన్నట్టే. గారు గీరు వద్దు గానీ, అక్కా అను. ముందు ఇది తిను, తర్వాత పరీక్ష చేద్దువు."

క్లయింటు తెచ్చింది మేం తినకూడదు, అది ల్యాబ్ నియమం. ఆ మాట చెబితే ఆవిడ బాక్సు మూత పెట్టి, "పరీక్ష చేసేదాన్ని తినొద్దు, తినేదాన్ని పరీక్ష చేయొద్దు, మంచిగున్నది నీ నౌకరీ" అని మూతి ముడుచుకుంది. నాకు ఆవిడ అప్పుడే నచ్చేసింది.

కొమురయ్య సిద్దిపేట వైపు గొర్రెల కాపరి. ఆవిడ మొదటి పొయ్యి నాటి నుంచీ మాంసం ఆయన మందలోదే. తర్వాత ఆ ఊళ్లోని మిగతా కాపరుల గొర్రెలు కూడా ఆయన మాట మీదే వచ్చేవి. ఒకసారి గొర్రెలను అప్పజెప్పి వెళ్లిపోయిన మనిషి మర్నాడు పొద్దున్నే మళ్లీ వచ్చి, ఒకదాన్ని చెవి పట్టుకుని పక్కకు లాగాడట. దానికి సూది వేయించాను, ఇంకా గడువు తీరలేదు, పొరపాటున కలిసింది, దీన్ని కోయొద్దు అని తీసుకుపోయాడట. "నేను అడగలె, ఎవ్వలూ అడగలె. గసొంటి మనిషి అబద్ధమాడ్తడా?" అని ఆవిడ నన్ను నిలదీసింది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ప్రతివాళ్లకూ అలాంటి మంచి మనిషి ఒకడు ఉంటాడు. యంత్రానికి వాళ్లెవరూ తెలియదు. ఆయన ఫోన్ నంబరు మాత్రం రాసుకున్నాను.

ఇలాంటప్పుడు రూట్ కాజ్ రిపోర్ట్ అని ఒకటి పంపాలి. తప్పు ఎందుకు జరిగింది, మళ్లీ జరగకుండా ఏం చేశారు అన్నది ఆధారాలతో రాయాలి. అది వాళ్లను ఒప్పిస్తే సరుకు బయటికి వస్తుంది. లేకపోతే సరుకును తగలబెట్టి, యూనిట్ పేరును జాబితాలోంచి కొట్టేస్తారు. ఆ రిపోర్టు నేను రాయాలి.

కొమురయ్యకు ఫోన్ చేశాను. గొర్రెలకు పసుపుపచ్చ మలాం ఏమైనా రాస్తారా అని అడిగాను. అలాంటి మలాముల్లో ఈ మందు ఉండే వీలుంది. లేదండీ అంటాడనుకున్నాను, అందరూ అలాగే అంటారు.

"రాసిన మేడమ్," అన్నాడాయన తడుముకోకుండా. "ముండ్లకంపల చిక్కి ఒకదానికి తొడ చీరుకపోయింది. మెడికల్ షాపుల పసుపుపచ్చ మలాం ఇచ్చిండ్రు, రాసిన."

"ఆ గొర్రెను అమ్మారా?"

"ఎందుకు అమ్ముత? మందల్నే ఉన్నది. మొన్న ఈనింది సుత."

ఫోన్ పెట్టేసి, ఆయన చెప్పింది ఫైల్లో రాసుకున్నాను. ఆయన నిజాయితీ ఆయన మెడకే చుట్టుకునేలా ఉంది. దిగుమతి సంస్థ ప్రతినిధి ఒకాయన సోమాజిగూడ ఆఫీసు నుంచి రోజూ ఫోన్ చేసేవాడు. ఈ సంగతి తెలియగానే ఎగిరి గంతేశాడు.

"ఇంకేంటి మేడం, ఒప్పుకున్నాడుగా! అదే రాసేయండి. సప్లయర్‌ని మార్చాం, ఇకపై రికార్డులున్న పెద్ద ఫారం నుంచే కొంటాం అంటే వాళ్లు వెంటనే వదిలేస్తారు. అందరికీ సుఖం."

అందరిలో కొమురయ్య లేడు, ఆ ఊరి కాపరులూ లేరు. ఒకసారి రిపోర్టులో ఆ పేరు పడితే ఎగుమతి చేసే ఏ యూనిటూ ఆ మందల వైపు చూడదు. ఇంత తేలిక దారి ఉందని సుగుణమ్మ గారికి చెప్పడం నా బాధ్యత కాబట్టి చెప్పాను. ఆవిడ సంతకం పెడితే దుకాణం నిలబడుతుంది, యూనిట్‌లో పని చేసే ఆడవాళ్ల జీతాలు నిలబడతాయి.

ఆవిడ నా బల్ల మీది కాగితాలు పక్కకు జరిపింది. తర్వాత, "ఆయన పెట్టిండని నువ్వు రుజువు చూపియ్యి, నేనే పోయి రెండు మాటలు అనొస్త. రుజువు లేకుంట మాత్రం రాయొద్దు మేడమ్. దుకాణం బందైతే బందైతది," అంది.  దిగులేం లేనట్టు చీర కొంగు సర్దుకుంది.

మా దగ్గరున్న యంత్రం పేరు ఎల్‌సీ ఎంఎస్ ఎంఎస్. ఒక పదార్థాన్ని మిగతావాటి నుంచి విడదీసి, తూచి, దాన్ని మళ్లీ ముక్కలు చేసి, ఆ ముక్కలను కూడా తూచి ఇది ఫలానాది అని చెబుతుంది. అందుకే దానితో వాదన ఉండదు. ఓడరేవులో ఆగిన బ్యాచ్‌వే సీసాలు రెండు పెట్టాను. ఒకటి తనిఖీ అధికారి ప్యాకింగ్ లైను మీదే తీసి సీల్ వేసిన సీసా. రెండోది ఆవిడ దుకాణం అరలోంచి తెచ్చింది. రెండూ ఒకే గంగాళంలో వేగిన మాంసం. మొదటిదాంట్లో ఏమీ లేదు. రెండోదాంట్లో ఉంది.

మా ల్యాబ్‌లోనే ఏదో అంటుకుందనుకున్నాను. గాజు సామాను మార్చి, ద్రావకాలు మార్చి మళ్లీ చేశాను. మళ్లీ అదే జవాబు. మందు గొర్రె ఒంట్లోంచి వస్తే రెండింట్లోనూ ఉండాలి కదా. సెమికార్బజైడ్ వేరే దారుల్లో కూడా రావచ్చని ఎప్పుడో చదివాను. వాటిలో ఒకటి సీసా మూత లోపలి మెత్తటి రింగు. కొన్ని రకాల రింగులను పొంగించడానికి వాడే రసాయనం వేడికి విరిగి ఇదే పదార్థాన్ని ఇస్తుంది. కానీ పచ్చడికీ మూతకీ మధ్య బోలెడంత ఖాళీ ఉంటుంది. తాకని మూత నుంచి ఎలా దిగుతుంది? ఆ ఆలోచనను అక్కడే వదిలేశాను.

ఒక మధ్యాహ్నం సుగుణమ్మ గారు ఏమైంది ఏమైంది అంటూ వచ్చింది. నా బల్ల మీద తెరవని సీసాలు నిలబెట్టి ఉన్నాయి. నేను కంప్యూటర్‌లో ఆవిడకు గ్రాఫు చూపిస్తున్నాను. ఆవిడ గ్రాఫు చూడటం లేదు, సీసాలను చూస్తోంది.

"గిట్ల నిలవెడ్తరా మేడమ్ సీసాలని? నూనె కిందికి పోయి పైన ముక్క ఎండుకపోదా?" అని విసుక్కుంటూ ఒక్కొక్కటే తీసి తలకిందులుగా బోర్లించింది. కొంగుతో అడుగులు కూడా తుడిచింది.

 ఎర్రటి నూనె మెల్లగా మూతలోకి దిగి, ఆ రింగు చుట్టూ నిండిపోయింది.

"అక్కా, ఎప్పుడూ ఇలాగే పెడతారా?"

"మరి? దుకాణంల గట్లనే, యూనిట్ల గట్లనే. అట్టపెట్టె మీద బాణం గుర్తు పైకున్నదనుకో, నేను పెట్టెనే తిప్పి పెట్టిస్త. తెరిచినోళ్లకి పైన నూనె కనిపియ్యాలె. అందరూ చేసేదే గదా?"

నిజమే, అందరూ చేసేదే. మా ఇంట్లో ఆవకాయ సీసాలు కూడా అలాగే ఉంటాయి. మా అమ్మ చేసేది, అత్తగారు చేసేవారు, నేనూ చేస్తాను. అందుకే ఆ బోర్లించిన సీసా మాకెవరికీ కంటికి ఆనలేదు. లైను మీద తీసిన సీసా ఒక్కటే సీలుతో నిటారుగా మా ఫ్రిజ్‌లోకి వచ్చింది. ఓడ ఎక్కినవన్నీ సముద్రం పొడుగునా తలకిందులుగానే ప్రయాణం చేశాయి.

మూతలోని రింగు సంగతి ఆవిడకు బొమ్మ గీసి చెప్పాను. ఆవిడ ఒక మూత విప్పి, లోపలి రింగును గోటితో నొక్కి చూసింది.

"అంటే మూతల ఉన్నదే లోపటికి దిగుతున్నదా? అయితే మామిడికాయ తొక్కు సుత ఇవే సీసాలల్ల పెడ్త గద. దాన్ని చూడు మేడమ్. మామిడికాయకు ఎవడు సూది ఏస్తడు?"

కుర్చీలోంచి లేచి ఆవిడను కావలించుకున్నాను. అది కూడా ల్యాబ్ నియమాల్లో లేదు.

ప్రయోగం పద్ధతిగా పెట్టాం. మటన్ పచ్చడి, మామిడికాయ తొక్కు, ముక్కలేమీ లేకుండా నూనె నిమ్మరసం కలిపినది. ఒక్కోదాంట్లో కొన్ని సీసాలు నిటారుగా, కొన్ని బోర్లించి. సముద్ర ప్రయాణానికి పట్టేంత కాలం వాటిని కదపలేదు. ఈలోగా కొమురయ్య మంద నుంచి పచ్చి మాంసం తెప్పించి చూశాం, ఏమీ లేదు. ఇంకో పరీక్ష కూడా చేశాం. మందు గొర్రె తిన్నదైతే దాని శేషం కండలో గట్టిగా అతుక్కుని ఉంటుంది, కడిగినా పోదు. పైనుంచి వచ్చి చేరినదైతే ద్రావకంతో కడిగితే పోతుంది. ఓడ ఎక్కిన బ్యాచ్‌లో బోర్లించిన సీసాల ముక్కలను కడిగి చూశాం. మాంసం శుభ్రంగా తేలింది, కడిగిన ద్రావకంలో దొరికింది.

బోర్లించిన మామిడికాయ సీసాలో కూడా సెమికార్బజైడ్ కనబడింది. ముక్కల్లేని నూనె సీసాలోనూ కనబడింది. నిటారుగా ఉన్నవాటిలో యంత్రానికి ఏదీ అందలేదు.

ఆ దేశపు ఆహార భద్రతా శాఖలో రెసిడ్యూ విభాగం చూసే శాస్త్రవేత్తతో వీడియో కాల్‌లో మాట్లాడాను. మాంసమే లేని సీసాలో ఆ మందు దొరికిందంటే మీరేమంటారు అని అడిగాను. పెద్దాయన, నెమ్మదస్తుడు.  "మీ మాట మీద నమ్మకంతో నేను నిబంధన మార్చలేను. మీ పద్ధతి, మీ సీసాలు పంపండి. ఇక్కడ నేనే చేస్తాను, అదే జవాబు వస్తే మారుస్తాను," అన్నాడు. ఆయన చేశాడు. అదే జవాబు వచ్చింది. సీసాల్లో వచ్చే మాంసాన్ని ఇకపై కడిగాకే పరీక్షించాలని వాళ్ల శాఖ తనిఖీ సూచనల్లో చేర్చింది. ఆ రకం రింగున్న మూతలు వద్దని కూడా రాసింది. అదీ న్యాయమే. మూతలోంచి దిగినా అది ఆహారంలో ఉండాల్సిన వస్తువు కాదు. ఆగిన సరుకును మాత్రం వదల్లేదు. తర్వాతి సరుకును కొత్త మూతలతో రానిచ్చారు, యూనిట్ పేరు జాబితాలో నిలిచింది. దేశాల మధ్య విధానం అంటే పెద్ద పెద్ద హాళ్లలో తయారవుతుందని అనుకుంటాం. అందులో ఒక వాక్యం మాత్రం పంజాగుట్టలో ఒక పచ్చళ్లావిడ విసుక్కోవడం వల్ల మారింది.

రిపోర్టు చేతికిచ్చే రోజు సుగుణమ్మ గారు ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. ఇంగ్లీషు కాగితాలు తిప్పి చూసి పక్కన పెట్టేసింది.

"నోటితోని చెప్పు మేడమ్. కొమురన్నది గాదు గదా?"

"కాదక్కా. ఆయన గొర్రెల్లో ఏమీ లేదు. మూతలో ఉంది. సీసా బోర్లించడం వల్ల అది పచ్చడిలోకి దిగింది."

"బోర్లిచ్చింది నేనే గదా. అంటే తప్పు నాదే?"

మెత్తగా చెప్పే మాట కోసం వెతుక్కున్నాను. "మీకు తెలిసి చేసింది కాదు, మూతల్లో అలాంటిది ఉంటుందని ఎవరికి తెలుస్తుంది" అంటూ ఏదో మొదలుపెట్టాను. ఆవిడ వినడం లేదు. ముఖం వెలిగిపోయింది, కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. ఇన్నేళ్లలో నా దగ్గరికి వచ్చిన ప్రతివాళ్లూ తమ తప్పు లేదని రాయించుకోవడానికే వచ్చారు. తన తప్పని తేలితే ఇంత సంబరపడిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

అక్కడికక్కడే ఫోన్ తీసి, స్పీకర్ పెట్టి, కొమురయ్యకు కలిపింది.

"అన్నా, తేలింది! నీ గొర్రెలల్ల ఏం లేదట. తప్పంతా నాదేనట. సీసాలు బోర్లేసిన గద, గందుకే!"

అవతల గొర్రెల అరుపుల మధ్య నుంచి ఆయన గొంతు వచ్చింది.

"గా మేడమ్ నీ పక్కపొంటి ఉన్నదా చెల్లె?"

"ఆ, ఇక్కడ్నే ఉన్నది."

"మేడమ్," అన్నాడు కొమురయ్య చాలా మర్యాదగా, "మీ మిషన్ ఏమన్న తప్పు చెప్పిందేమో, జర మల్లొక్కపారి చూడుండ్రి. మా చెల్లె గసొంటి పని చెయ్యదు."

మేమిద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని నవ్వడం మొదలుపెట్టి, ఆపలేకపోయాం. సరుకులో ఏముంది, ఎంతుంది అన్నది యంత్రం చెబుతుంది. ఎవరి వల్ల అన్న చోట పేరు రాయాల్సింది మాత్రం నేను. ఆ కేసు తర్వాత అక్కడ ఏ పేరు రాయబోయినా ఒక్క క్షణం ఆగి, ఆ పేరును వదులుకోనని మొండికేసే మనిషి ఎవరైనా ఉన్నారా అని అడుగుతాను. ఉన్నారంటే ఇంకో పరీక్ష చేస్తాను.